లేక్ వాషింగ్టన్‌లో గాలి పడవ: కొత్తగా వచ్చిన తమ్ముడికి

“సియాటిల్ వచ్చి ఏడాది కాలేదు, గాలి కొట్టి ఉబ్బించే పడవ ఒకటి, దానికి రెండున్నర హెచ్‌పీ మోటారు కొన్నాను, ఇక్కడి లేక్ వాషింగ్టన్ సరస్సులో నడపడానికి లైసెన్సు కావాలా” అని ఒక తమ్ముడు అడిగాడు. ఈ వాషింగ్టన్ రాష్ట్రంలో 15 హెచ్‌పీ, ఆపైన మోటార్లకే బోటింగ్ కార్డు, అంటే పడవ భద్రత నేర్చుకున్నట్టు చూపే కార్డు, అడుగుతారు. పడవ రిజిస్ట్రేషన్ మాత్రం చేయించాలి. 16 అడుగుల లోపు పొడవు, 10 హెచ్‌పీకి మించని మోటారు ఉన్న పడవలకు మినహాయింపు ఉంది కానీ, అది ఫెడరల్ జలాల్లో, అంటే కేంద్ర ప్రభుత్వ పరిధిలోని నీళ్లలో, చెల్లదు. లేక్ వాషింగ్టన్ ఆ లెక్కలోకే వస్తుంది.

కాగితాల సంగతి అంతే. “నాకు ఈత బాగా వచ్చు అన్నా” అన్నాడే, నాకు బెంగ అక్కడ. నేనూ గోదావరి కాలువలో ఈత నేర్చుకున్నవాణ్ణే. ఇక్కడ మే నెల ఎండ చూసి మోసపోతాం, నీళ్లు ఇంకా చలికాలాన్ని వదిలి ఉండవు. పడిన మొదటి నిమిషం ఊపిరి అదుపు చేసుకోవడానికే సరిపోతుంది. పది నిమిషాలు గడిచేసరికి చేతులు మాట వినవు. అందుకే లైఫ్ జాకెట్ పడవలో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి. 19 అడుగుల లోపు పడవల్లో 12 ఏళ్లు, అంతకు తక్కువ వయసు పిల్లలకు అది చట్టం. పెద్దలకు నా విన్నపం.

మోటారుతో ఒక ఎర్ర తాడు ఇస్తారు. దాన్ని మణికట్టుకు తగిలించుకుంటే, మీరు పడిన మరుక్షణం మోటారు ఆగుతుంది. లేకపోతే ఖాళీ పడవ గిరగిర తిరుగుతూ పడినవాడి మీదికే ప్రొపెల్లర్‌ను తీసుకురావచ్చు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న, ఈ తాడు తగిలించుకోవాలన్న ఫెడరల్ నిబంధన 3 హెచ్‌పీ, ఆపైన మోటార్లకే వర్తిస్తుంది. మనది రెండున్నరే కదా అని తాడు పక్కన పడేయకండి.

నా మొదటి ప్రయాణంలో ఒడ్డు దాటిన కాసేపటికే మోటారు ఆగిపోయింది. చేయి నొప్పి పుట్టేదాకా మోటారు స్టార్ట్ చేసే తాడు లాగాను. ట్యాంకు మూత మీద గాలి కోసం ఉండే చిన్న మర విప్పలేదు, పెట్రోలు దిగలేదు. తెడ్లు ఉండబట్టి ఒడ్డు చేరాం. తెడ్లు లేకుండా ఎప్పుడూ బయలుదేరకండి.

మోటారును పడవకు బిగించే మరలు అదురుకు వదులవుతాయి, కొంత దూరం పోయాక మళ్లీ బిగించండి. నీటితో చల్లబడే మోటారైతే పక్కనుంచి సన్నటి ధార వస్తూ ఉండాలి. అది ఆగితే వెంటనే మోటారు ఆపేయండి. ఒడ్డున ఎండలో గట్టిగా గాలి కొట్టిన పడవ చల్లని నీటిలో మెత్తబడుతుంది, పంపు వెంట ఉంచుకోండి.

వెళ్లేటప్పుడు గాలికి ఎదురు వెళ్లండి, మోటారు మొరాయించినా తిరుగుదారిలో గాలి మీ వైపు ఉంటుంది. నీళ్లలోకి దిగే ముందు మీ ఆవిడకు, పిల్లలకు కూడా మోటారు ఆపడం చేతితో చేయించి నేర్పండి. పడేది మీరే అయితే ఆపవలసింది వాళ్లే.