సీఎస్ఎస్ సెలెక్టర్లను కుదించడం ఎలా?

ప్రశ్న: మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు సైట్ చేస్తున్నాను. హెడర్, మెయిన్, ఫుటర్ మూడింట్లోనూ లింకుల హోవర్ (మౌస్ పైకి వచ్చినప్పుడు), ఫోకస్ (ట్యాబ్ కీతో లింకు మీదకు వచ్చినప్పుడు) రంగు మార్చడానికి ఆరు సీఎస్ఎస్ సెలెక్టర్లు (స్టైల్ పేజీలో ఏ భాగానికి వర్తించాలో చెప్పేవి) రాయాల్సి వస్తోంది. తగ్గించొచ్చా?

జవాబు: తగ్గించొచ్చు, :ఈజ్() వాడండి.

:ఈజ్(హెడర్, మెయిన్, ఫుటర్) ఏ:ఈజ్(:హోవర్, :ఫోకస్)

ఆరూ ఈ ఒక్క లైన్లో వచ్చేస్తాయి (ఇందులో ‘ఏ’ అంటే లింకు ట్యాగ్; టైప్ చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే లెండి). 2021 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నీ దీన్ని గుర్తుపడుతున్నాయి.

చిక్కంతా స్పెసిఫిసిటీతోనే, అంటే రెండు రూల్స్ ఢీకొంటే ఏది నెగ్గాలో తేల్చే బలంతోనే. బ్రాకెట్లో దేనికి బలం ఎక్కువో ఆ బలమే మొత్తానికీ వస్తుంది. ఫుటర్ బదులు #అడుగు అని ఐడీ పెట్టారనుకోండి, హెడర్‌లోని లింకుకూ ఐడీ అంత బలం వస్తుంది. తర్వాత .ధర క్లాసుతో ఆ రంగు మార్చబోతే మారదు. అప్పుడు టెన్షన్ పడి, రూల్‌ను బలవంతంగా నెగ్గించే !ఇంపార్టెంట్ జోలికి పోకండి. :ఈజ్ ఉన్నచోట :వేర్() పెట్టండి. రాసే తీరు అదే, బ్రాకెట్లో ఏమున్నా బలం మాత్రం సున్నా. బేస్ స్టైల్స్‌కు నేనైతే ఇదే వాడతాను.

::బిఫోర్ లాంటి సూడో-ఎలిమెంట్లు (హెచ్‌టీఎంఎల్‌లో లేకున్నా సీఎస్ఎస్‌తో స్టైల్ చేసే భాగాలు) :ఈజ్, :వేర్ రెండింటి లోపలా పనిచేయవు.

ధరల పట్టికలో హెచ్ఎంటీ బియ్యం అయిపోతే ఆ వరుసంతా మసకగా కనపడాలా? టీఆర్:హ్యాజ్(.నిల్వలేదు) చాలు, లోపల .నిల్వలేదు క్లాసున్న వరుసను (టీఆర్) అదే పట్టుకుంటుంది, జావాస్క్రిప్ట్ అక్కర్లేదు. 2023 డిసెంబర్‌లో ఫైర్‌ఫాక్స్‌కూ ఇది వచ్చేసింది.