దాచమని ఇచ్చిన పెన్ను ఇవ్వనంటున్నాడు, మూడేళ్లు దాటితే కేసు చెల్లదా?

ప్రశ్న: నాన్నగారు కొన్న మాంట్‌బ్లాంక్ ‘పేట్రన్ ఆఫ్ ఆర్ట్’ లిమిటెడ్ ఎడిషన్ పెన్ను అది. 2022 జనవరిలో అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తూ, నాలాగే పెన్నులు సేకరించే మిత్రుడికి దాచమని ఇచ్చాను. జులైలో వచ్చి అడిగితే ‘దాన్నిక మర్చిపోరా’ అని ఫోన్లో నవ్వాడు. 2023లో ‘దసరాకి తెచ్చిస్తా’ అని వాట్సాప్ పెట్టాడు. 2025 మార్చిలో ‘బహుమతిగా ఇచ్చావు, ఇవ్వను’ అన్నాడు. మూడేళ్లు దాటాయి, కేసు చెల్లదట. ఆ చాట్ పాత ఫోన్లో ఉండిపోయింది, స్క్రీన్‌షాట్ ఉంది. పెన్ను మీది 4810 నంబరే నా ఆధారం. పాత తేదీ స్టాంపు పేపరు దొరుకుతుందంటున్నారు, రాయించుకోనా? నాన్న గుర్తుగా నాకు మిగిలింది అదొక్కటే.
- ఒక పాఠకుడు, నల్లకుంట, హైదరాబాద్

జవాబు: నాన్నగారి గుర్తు అన్న సంగతి కోర్టుకు అక్కర్లేదు. అది చూసేది అతను ఏ రోజు ‘ఇవ్వను’ అన్నాడని. దాచమని ఇచ్చిన వస్తువుకు లిమిటేషన్ చట్టం 70వ ఆర్టికల్ ప్రకారం మూడేళ్ల గడువు మొదలయ్యేది ఇచ్చిన రోజు నుంచి కాదు, మీరు అడిగాక అతను నిరాకరించిన రోజు నుంచి. 2025 మార్చి నుంచి లెక్కేస్తే 2028 మార్చి దాకా వ్యవధి ఉంది.

చిక్కంతా ఆ ‘మర్చిపోరా’తోనే. అదే నిరాకరణ అని అవతలి వకీలు పట్టుకుంటే గడువు 2025 జులైతోనే సరి. దానికి విరుగుడు ఆ దసరా మెసేజ్. తెచ్చిస్తానన్నవాడు అంతకుముందే కాదన్నాడని ఎలా అంటాడు? బహుమతి వాదన కూడా దాని ముందు నిలవదు. చరాస్తి బహుమతికి కాగితం అక్కర్లేదు, చేతికిస్తే చాలు కాబట్టి, ఆ మెసేజ్ లేకపోతే మీకు కష్టమే.

అంత విలువైనది పాత ఫోన్లో పడేసి స్క్రీన్‌షాట్ పట్టుకు తిరుగుతున్నారు! ఫోన్‌ను ఫార్మాట్ చేయకండి, ఎవరికీ ఇవ్వకండి. అసలు చాట్‌ను భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారాలకు జతచేసే సర్టిఫికెట్‌తో దాఖలు చేయాలి.

ఇక 4810 మీ పెన్ను నంబరు కాదు. మాంట్‌బ్లాంక్ పర్వతానికి చాలాకాలంగా చెప్పుకునే ఎత్తు, మీటర్లలో. ఆ కంపెనీ మైస్టర్‌స్టుక్ పెన్నుల పాళీల మీదా ఉంటుంది. మీ ఎడిషన్‌లో చేసినవీ అన్నే. మీకు కావలసింది 4810కి ముందు, గీతకు ఇవతల చెక్కిన అంకె. అది కనిపించే పాత ఫొటో, పెట్టె, దాంతో వచ్చిన కాగితాలు, నాన్నగారి బిల్లు వెతకండి.

స్టాంపు పేపరు జోలికి మాత్రం వెళ్లొద్దు. వెండర్ రిజిస్టరు తెప్పిస్తే అది ఎప్పుడు, ఎవరికి అమ్మారో బయటపడుతుంది. గెలవాల్సిన కేసు పోయి, ఫోర్జరీ కేసులో మీరే ముద్దాయి అవుతారు.

ముందు లాయర్ నోటీసు పంపండి. అందులో 2022 ఫోన్ మాట దాచకుండా, దసరా మెసేజ్‌తో కలిపి రాయించండి. ఆపై సిటీ సివిల్ కోర్టులో దావా వేసి, డబ్బు కాదు, ఆ పెన్నే ఇప్పించమని కోరండి. అలాంటిది బజార్లో మళ్లీ దొరకదు కాబట్టి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 8వ సెక్షన్ మీకు పనికొస్తుంది. దావాతో పాటే అమ్మకుండా ఇంజంక్షన్, పెన్ను తనిఖీకి కోర్టు తరఫున వెళ్లే అడ్వొకేట్ కమిషనర్‌ను వేయమని దరఖాస్తు పెట్టండి. సేకర్తల మధ్య ఇలాంటివి చేతులు మారడానికి ఒక ఆదివారం చాలు.