సే, టెల్, స్పీక్, టాక్: ఏది ఎక్కడ?

తిరుపతిలో లాడ్జి రిసెప్షన్‌లో కొత్తగా చేరానని, సే, టెల్, స్పీక్, టాక్ అన్నిటికీ చెప్పడం, మాట్లాడటం అనే అర్థమే కదా అని మీరు అడిగారు.

స్పీక్, టాక్‌లతో పెద్ద చిక్కు లేదు. భాష పేరు వస్తే స్పీక్: 'డు యు స్పీక్ తమిళ్?' ఫోన్‌లో మేనేజర్ కావాలన్నా 'మే ఐ స్పీక్ టు ది మేనేజర్?' ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటే టాక్.

తిప్పలన్నీ 'చెప్పు' దగ్గరే. మనకు 'నాకు చెప్పాడు', 'నాతో చెప్పాడు' రెండూ నడుస్తాయి. ఆ 'కు', 'తో'లనే 'టు' చేసేసి 'హి టోల్డ్ టు మి' అంటాం. టెల్ పక్కన మనిషి నేరుగా రావాలి: 'హి టోల్డ్ మి'. సే పక్కన అలా రాకూడదు, 'హి సెడ్ టు మి' అనాలి. వాక్యంలో వినేవాళ్ళు ఉంటే టెల్, లేకపోతే సే అని పెట్టుకోండి, చాలావరకు సరిపోతుంది. నిజం, అబద్ధం, కథ మాత్రం వినేవాళ్ళు లేకున్నా టెల్‌తోనే. సారీ, థాంక్స్, నో అనేవి సేతో.

రమ్మని చెప్పారు అనడానికి 'దే టోల్డ్ మి టు కమ్'. 'రమ్మని'లో 'అని' ఉంది కదా అని 'దట్' పెడితే వాక్యం అతకదు.

రిసెప్షన్‌లో అసలు ముంచే తప్పు వేరే ఉంది. 'డ్రైవర్ పదింటికి వస్తానని చెప్పాడు' అన్నప్పుడు, తెలుగులో అతని మాటను అతని నోట ఉన్నట్టే ఉంచి వెనక 'అని' తగిలిస్తాం. దాన్ని 'హి సెడ్ దట్ ఐ విల్ కమ్ ఎట్ టెన్' అంటే వచ్చేది మీరేనని వినేవాళ్ళు అనుకుంటారు. 'హి సెడ్ హి వుడ్ కమ్ ఎట్ టెన్' అనాలి. చెన్నై నుంచి వచ్చినవాళ్ళకు తమిళంలోనూ మన పద్ధతే కాబట్టి సర్దుకుంటారు. ఇంగ్లీషే ఇంటిభాష అయినవాళ్ళు మాత్రం తికమకపడతారు, కారు తప్పిపోయేది అలాగే.

ఇక మన 'అంట'. కాణిపాకం బస్సు ఎల్లిపోయిందంట అనడానికి 'ది బస్ హాజ్ లెఫ్ట్, ఇట్ సీమ్స్' అంటాం. మనలో మనకు తెలుస్తుంది గానీ, బయటివాళ్ళకు 'ఇట్ సీమ్స్' అంటే చూడబోతే అలా ఉందని మీ సొంత ఊహ. ఎవరో చెప్పగా విన్నదైతే 'దే సే ది బస్ హాజ్ లెఫ్ట్', లేదా 'ఐ హర్డ్' అని మొదలుపెట్టండి. ఊహకీ, విన్నమాటకీ తేడా తెలియకపోతే యాత్రికుడు బస్టాండుకు పోయి చూసుకోవాల్సి వస్తుంది.

పర్యాయపదాల్లో మీకు పనికొచ్చేవి తక్కువే. 'చెప్పడం' అనే అర్థంలో స్టేట్ ఫిర్యాదు కాగితాల్లో ఉండే మాట, కౌంటర్ దగ్గర వద్దు. ఇన్ఫార్మ్ కూడా టెల్ లాగే మనిషిని నేరుగా పట్టుకుంటుంది: 'ప్లీజ్ ఇన్ఫార్మ్ ది రిసెప్షన్'. మెన్షన్, డిస్కస్‌ల వెనక 'అబౌట్' రాదు.

పలికేటప్పుడు సెయిడ్ కాదు సెడ్, సేస్ కాదు సెజ్. టాక్‌లో 'ల్' పలకదు.