ఇన్సులిన్ పంప్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని మార్చొచ్చా?

డాక్టర్ మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) చూసి "అన్నం తగ్గించండి" అని పంపేస్తున్నారు, పంప్ వైపు చూడను కూడా చూడట్లేదు, మారొచ్చా అని అడిగారు. మారండి, మొహమాటం దేనికి?

పంప్‌లో అసలు పనంతా సెట్టింగుల్లోనే ఉంటుంది. గంటగంటకీ బేసల్ (రోజంతా కొద్దికొద్దిగా వెళ్లే ఇన్సులిన్) ఎంత వెళ్లాలి, ఎన్ని గ్రాముల కార్బ్స్‌కి ఒక యూనిట్, ఒక యూనిట్‌కి షుగర్ ఎంత దిగుతుంది, ఇవన్నమాట. సీజీఎం (ఒంటికి పెట్టుకుంటే షుగర్‌ని ఎప్పటికప్పుడు చూపించే సెన్సర్) ఉంటే 14 రోజుల రిపోర్టు ముందేసుకుని, షుగర్ 70-180 మధ్య ఎంతసేపు ఉంటోంది (చాలామందికి లక్ష్యం 70 శాతం పైన), తెల్లవారుజామున ఎందుకు పెరుగుతోంది అని చూసి వాటిని సరిచేసే ఎండోక్రినాలజిస్ట్ (హార్మోన్లు, షుగర్ చూసే స్పెషలిస్ట్) కావాలి మీకు. హాస్పిటల్ పెద్దదా చిన్నదా అన్నది తర్వాత సంగతి. ముందే ఫోన్ చేసి, పంప్ పేషెంట్లు ఎంతమంది వస్తారు, డయాబెటిస్ ఎడ్యుకేటర్ ఉన్నారా, అర్ధరాత్రి ట్యూబ్ మూసుకుపోతే ఎవరికి చెప్పాలి అని అడగండి. చివరిదానికి నీళ్లు నమిలితే ఇంకో చోట చూసుకోండి.

కొత్త అపాయింట్‌మెంట్ అయ్యేదాకా పాతవాళ్లని వదలొద్దు. ఈలోపు సెట్టింగుల స్క్రీన్లన్నీ ఫోటో తీసి పెట్టుకోండి, పంప్ పాడైతే అవే దిక్కు. పంప్‌లో ఉండేది త్వరగా పనిచేసే ఇన్సులినే కాబట్టి, అది ఆగితే కొన్ని గంటల్లోనే కీటోన్లు (ఇన్సులిన్ అందకపోతే రక్తంలో పేరుకునే ఆమ్లాలు) పెరుగుతాయి. ఇన్సులిన్ పెన్నులు, కీటోన్ స్ట్రిప్పులు ఇంట్లో ఉన్నాయో లేదో ఇవాళే చూసుకోండి.