ప్రసూతి సెలవు చర్చలకు వెళ్ళే ముందు

అంబత్తూరు, చెన్నై.

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ప్రసూతి సెలవు విషయమై సచివాలయంలో జరిగే చర్చలకు మీ యూనియన్ తరఫున నువ్వు కూడా వెళ్తున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. ఎంతో కొంత రాజీ పడక తప్పదని మీవాళ్ళు అంటున్నారట. అందులో తప్పేమీ లేదు. అయితే దేన్ని వదులుకుంటున్నామో, ఎవరిని వదిలేస్తున్నామో తెలుసుకోకుండా మాత్రం సంతకం పెట్టవద్దు.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి భృతి బిల్లు చర్చకు వచ్చినప్పుడు, ఈ భారంలో ఎక్కువ భాగం ప్రభుత్వమే మోయాలని అంగీకరిస్తూనే, యజమాని చెల్లించడం కూడా న్యాయమేనని అంబేద్కర్ గారు వాదించారు. సర్కారు వాటా తేలేదాకా బిల్లును ఆపమని ఆయన అనలేదు. మరుసటి ఏడాది అక్కడ చట్టం వచ్చింది. ఆ వాటా సంగతి మాత్రం నేటికీ తేలలేదు. 2017 సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకు 12 వారాల సెలవు 26 వారాలైంది గానీ, నెలకు 21,000 రూపాయల లోపు జీతంతో ఇ.ఎస్.ఐ. (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కింద ఉన్నవారిని మినహాయిస్తే, ఆ జీతమంతా యజమానే ఇవ్వాలి. అందుకే చిన్న కంపెనీల్లో కొత్తగా పెళ్ళైన అమ్మాయిని పనిలోకి తీసుకునే ముందు పిల్లల గురించి ఆరా తీస్తారు. ఇది నేను చాలాసార్లు విన్నాను, విన్న ప్రతిసారీ కడుపు మండింది. కనుక ప్రభుత్వ వాటా కోరిక మీ పత్రంలో తప్పక ఉండాలి. 2018లో కేంద్ర కార్మిక శాఖ 7 వారాల జీతం యజమానులకు తిరిగి ఇచ్చే ప్రతిపాదన ప్రకటించింది, కానీ అది చట్టం కాలేదు. నోటిమాటగా ఇచ్చే హామీని హామీగా లెక్కపెట్టకు.

ఇక అసలు సంగతికి వస్తాను. తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగినులకు 2021 నుంచి 12 నెలల సెలవు ఉంది. అదే కార్యాలయంలో కాంట్రాక్టు మీద ఊడ్చే మనిషికి, గడచిన 12 నెలల్లో 80 రోజులు పనిచేసినట్టు రుజువు లేకపోతే, చట్టం ఇచ్చే 26 వారాలు కూడా దక్కవు. ఏజెన్సీ మారినప్పుడల్లా పేరు మార్చి రాస్తారు, పాత హాజరు పుస్తకం కనిపించదు. ఇళ్ళలో పనిచేసేవారి మాట చెప్పనే అక్కరలేదు. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారి పేరిట రాష్ట్రం పేద గర్భిణులకు ఇచ్చే 18,000 రూపాయల సాయం వారికి ఉపయోగమే గానీ, అది సెలవు జీతం కాదు. అందుచేత, ఇప్పటికే సెలవు ఉన్నవారికి మరికొన్ని వారాలు ఇస్తామని ఒకవైపు, లేనివారిని చేర్చుకుంటామని మరోవైపు బేరం పెడితే, నువ్వు రెండోదాన్నే ఎంచుకో. మీ సభ్యుల్లో కొందరు నిన్ను నిష్ఠురమాడతారు, ఆడనీ. ఏజెన్సీ మారినా పని దినాలన్నీ కలిపి లెక్కించాలన్న ఒక్క వాక్యం సాధిస్తే చాలామంది ఒడ్డున పడతారు.

50 మంది పనిచేసే చోట ఉండవలసిన శిశు సంరక్షణ కేంద్రాన్ని డబ్బుకో, ఇంటినుంచి పని చేసే వెసులుబాటుకో ఎన్నడూ మార్చుకోవద్దు. తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసి రావచ్చని చట్టమే చెబుతోంది. ఆ గది లేకపోతే సెలవు అయిపోయిన మర్నాడే ఉద్యోగం మానేసేవాళ్ళను నేను ఎరుగుదును. మూడో కాన్పుకు సెలవు లేదనే మాట వస్తే, ప్రసూతి సెలవు స్త్రీ పునరుత్పత్తి హక్కుల్లో భాగమని ఈ రాష్ట్రపు ఉపాధ్యాయిని కేసులోనే 2025లో సుప్రీంకోర్టు చెప్పిందని గుర్తు చెయ్యి.

లోపలికి వెళ్ళేటప్పుడు కాంట్రాక్టు పనివారిలో ఒకరిని వెంట తీసుకువెళ్ళు, ఆమెనే మాట్లాడనివ్వు. ముసాయిదా చేతికి రాగానే నాకొక ప్రతి పంపు. పని దినాల లెక్క గురించి ఏం రాశారో ముందుగా అదే చూస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ