చిప్ప అంటే చిన్నతనమా?

సందేహం: లోతు సముద్రంలో ఉండే టిండారియా కల్లిస్టిఫార్మిస్ అనే చిన్న జీవి గురించి మా కాలేజీ పత్రికకు వ్యాసం రాశాను. 1897లో అమెరికాలో వెరిల్, క్యాథరిన్ బుష్ దీన్ని కొత్త జాతిగా 'వర్ణించారు' అని రాస్తే, ఒక మిత్రుడు 'కనిపెట్టారు' అని దిద్దారు. నేను 'చిప్ప' అన్నచోట 'ద్వికవాట మృదులాంగి' అని మార్చారు. ఇంకొకరు 'నత్త' చాలన్నారు. ఏది సరి?
– ఒక అధ్యాపకురాలు, కాకినాడ

సమాధానం: నత్త సంగతి ముందు తేల్చేద్దాం. నత్తకు ఉండేది ఒక్కటే గుల్ల, అదీ మెలిక తిరిగి ఉంటుంది. మీ జీవికి రెండు పెంకులు. కాబట్టి నత్త కాదు. ఇక మృదులాంగి. మొలస్కా వర్గానికి శాస్త్రం వాళ్ళు మృదులాంగులు అని పేరు పెట్టుకున్నారు, బాగానే ఉంది. దాన్ని ఏకవచనం చేసి వ్యాసంలో దింపితే మాత్రం చదివేవాడికి ప్రబంధనాయిక ప్రత్యక్షమవుతుంది. 3,800 మీటర్ల లోతున బురదలో బతికేదానికి ఆ హోదా ఎందుకండీ?

మీ మిత్రుడికి చిప్ప అనడానికి నామోషీ ఎందుకో ఊహించగలను. చేతికి చిప్ప వచ్చిందంటే బిచ్చమెత్తడం, చిప్పకూడంటే జైలు భోజనం. కానీ అసలు అర్థం అది కాదు. ఒకవైపు ఉబ్బి, రెండోవైపు గుంటగా ఉండే గట్టి పెంకు చిప్ప. కొబ్బరికాయ కొడితే వచ్చేవి రెండు చిప్పలు. మోకాలిచిప్ప, తాబేటిచిప్ప సరేసరి. లాటిన్‌వాడు ఈ పెంకును తలుపురెక్కతో పోల్చాడని మనమూ కవాటాలు, అంటే తలుపులు, బిగించుకోనక్కర్లేదు.

ఈ మాట పుట్టుక చూడండి. తమిళంలో సిప్పి, కన్నడంలో చిప్పు, ప్రాకృతంలో సిప్పి, హిందీలో సీప్. అన్నీ ఒక గూటివే. సంస్కృత 'శుక్తి'యే అరిగి చిప్ప అయిందని కొందరు తేలిగ్గా చెప్పేస్తారు. అది కుదరదు. భక్తి ప్రాకృతంలో భత్తి అయింది, రక్తం రత్తం అయింది. ఆ దారిలో శుక్తి 'సుత్తి' కావాలి, ప్రాకృతంలో అయింది కూడా. 'ప్ప' ఎక్కడినుంచి ఊడిపడింది? దక్షిణాది మాటే ప్రాకృతానికి ఎక్కిందనే వాదానికి నేను మొగ్గుతాను. అవతలి పక్షం వాళ్ళూ తక్కువవాళ్ళేం కాదు, అందుకని పందెం కాయను.

శుక్తి పేరెత్తాక ఏనుగు లక్ష్మణకవిని తలుచుకోకుండా ముందుకు పోలేను. భర్తృహరి శ్లోకాన్ని తెనిగిస్తూ నీటిబొట్టుకు మూడు గతులు చెప్పాడు. కాలిన ఇనుముమీద పడితే పేరే లేకుండా పోతుంది, తామరాకుమీద నిలిస్తే 'ముత్యమట్లు' మెరుస్తుంది. మూడోది: 'ఆ నీరమె శుక్తిలోఁ బడి మణిత్వముఁ గాంచు సమంచితప్రభన్'. మూలంలో స్వాతికార్తె ఉంది, సాగరం ఉంది. మనవాడు రెండూ వదిలేశాడు. ముత్యాన్ని తామరాకు దగ్గర పోలికకు ఖర్చుపెట్టేశాడు కాబట్టి, నిజంగా ముత్యమయ్యేచోట 'మణిత్వము' అన్నాడు. ఎంత నేర్పు! వానబొట్టు ముత్యం కాదనే సంగతి జీవశాస్త్రం వాళ్ళకు వదిలేద్దాం.

ఇందులో నన్ను ఎప్పుడూ గుచ్చే సంగతి ఒకటుంది. 'శుక్తిలో' అన్నచోట 'చిప్పలో' అని పెట్టి చదవండి. అదే గురువు-లఘువు-గురువు. గణం చెడదు, యతి దానిమీద లేదు. అంటే ఛందస్సు అడ్డురాలేదు. చిప్ప పడితే పద్యం చిన్నబోతుందని అనుకున్నాడేమో! అంతటివాడికే లేని ధైర్యం మీ మిత్రుడికి లేదని కోప్పడలేను. అయినా కవికి సమంచితప్రభ పక్కన శుక్తి కావలసివచ్చింది. కాలేజీ పత్రికలో ద్వికవాటికి ఆ అవసరమేముంది? మొదటిసారి 'రెండుచిప్పల జీవి' అనండి, ఆపైన చిప్ప అంటే చాలు. ఆల్చిప్ప అంటే చాలామందికి ముత్యాలు తోస్తాయి గనక ఇక్కడ నేనైతే వాడను.

'కనిపెట్టారు' మాత్రం కొట్టేయండి. టెలిఫోన్‌ను కనిపెడతారు, దొంగను కనిపెడతారు. పత్రికలవాళ్ళు చేపను, చుక్కను, చిప్పను కూడా కనిపెట్టేస్తున్నారు. వలలో పడినంత మాత్రాన కొత్త జాతి ఖాయం కాదు. శనగగింజంత పెంకు పట్టుకుని, ఆకారం, పైగీతలు, రెండు చిప్పలూ కలిసేచోట వరుసగా ఉండే సన్నటి పళ్ళు చూసి, దగ్గరి జాతులనుంచి దేనివల్ల వేరో రాసి ప్రకటించాలి. ఈ రోజుల్లో అయితే ఒక నమూనాను ప్రమాణంగా నిర్ణయించి మ్యూజియంలో దాచడం కూడా ఉంది. మన వ్యాకర్తల భాషలో ఆ రాత లక్షణం, ఆ నమూనా లక్ష్యం. అందుకని 'కొత్త జాతికి లక్షణం చెప్పారు' అంటే నాకు ముచ్చట. మీ చిప్ప ఎనిమిది మిల్లీమీటర్లు పెరగడానికి సుమారు నూరేళ్ళు పడుతుందని 1975లో రేడియం-228 అనే రేడియోధార్మిక పదార్థంతో లెక్కగట్టారు. వ్యాసంలో అదీ చేర్చండి, పిల్లలు ఇష్టంగా చదువుతారు.

మరి మీ 'వర్ణించారు' తప్పా? తప్పనలేను. వర్ణన కవిసొత్తు అని వాదించవచ్చు గానీ, కల్లిస్టిఫార్మిస్ అంటే కల్లిస్టా అనే మరో చిప్ప ఆకారంలో ఉన్నదని అర్థం. ఉపమాలంకారంతో పేరు పెట్టినవాళ్ళను వర్ణించలేదని ఎలా అంటాం?