మాట్లాడితే గొడవ, లేదంటే మౌనం.. కపుల్ కౌన్సెలింగ్ నిజంగా పనిచేస్తుందా?

ప్రశ్న: నా వయసు 34, మావారికి 38. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. ఏడేళ్ల పాప ఉంది. రెండేళ్లుగా ప్రతి చిన్నదానికీ గొడవే. డబ్బు దగ్గరో, మా అత్తగారు అన్న మాట దగ్గరో మొదలవుతుంది. నేను గట్టిగా అడిగేసరికి ఆయన ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోతారు. ఆ తర్వాత రెండు మూడు రోజులు మాటలుండవు. పెద్దలు రెండుసార్లు కూర్చోబెట్టి సర్దిచెప్పారు, నెల తిరక్కుండానే మళ్లీ మామూలే. కొట్టడం, తాగడం లాంటివి లేవు. నాకు తరచూ తలనొప్పి, నిద్ర సరిగా పట్టదు. ఫ్రెండ్ కౌన్సెలింగ్‌కు వెళ్లమంటోంది. మావారేమో ‘డబ్బులిచ్చి బయటివాళ్లకు మన గొడవలు చెప్పుకోవడమేంటి, అదేమన్నా సైన్సా?’ అంటున్నారు. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీవారు అడిగింది న్యాయమైన ప్రశ్నే. మందు రాసిచ్చినా ‘ఇది పనిచేస్తుందని ఏంటి ఆధారం’ అని అడగాలి, కౌన్సెలింగ్‌నూ అలాగే అడగాలి. ఆధారం ఉంది, దానికి హద్దులూ ఉన్నాయి. రెండూ చెబుతాను.

అమెరికాలో లాస్ ఏంజెలెస్, సియాటిల్ నగరాల్లో 134 జంటల మీద ఒక పెద్ద ట్రయల్ జరిగింది. మామూలు అలకలున్న జంటలు కావు, ఏళ్ల తరబడి గొడవలతో విసిగిపోయినవాళ్లు. లాటరీ పద్ధతిలో రెండు గ్రూపులు చేసి, రెండు రకాల కపుల్ థెరపీ ఇచ్చారు, గరిష్ఠంగా 26 సిట్టింగులు. అయిదేళ్ల తర్వాత చూస్తే దాదాపు సగం జంటలు మొదట్లో కన్నా బాగా మెరుగ్గా ఉన్నాయి. సుమారు పాతిక శాతం విడిపోయాయి. అంటే ఇది అందరినీ కలిపేసే మంత్రమేమీ కాదు. కానీ అంత చితికిపోయిన సంసారాల్లో సగం నిలదొక్కుకున్నాయంటే తక్కువ సంగతీ కాదు. ఈ ట్రయల్‌లో ఒక లోటుంది. ఏ చికిత్సా లేకుండా ఉంచిన జంటలతో పోల్చలేదు. ఆ పోలిక వేరే చోట దొరుకుతుంది. మయామి యూనివర్సిటీ వాళ్లు జంటల కోసం ఆన్‌లైన్ ప్రోగ్రామ్ ఒకటి తయారుచేసి, 300 జంటల్లో కొందరికి వెంటనే ఇచ్చారు, మిగతావారిని కొన్నాళ్లు ఆగమన్నారు. వెంటనే మొదలుపెట్టినవాళ్లే ఎక్కువ బాగుపడ్డారు. 2016లో ఆ ఫలితాలు వచ్చాయి.

ఇక పెద్దల పంచాయితీకీ దీనికీ తేడా ఏమిటంటారా? పెద్దలు కూర్చున్నప్పుడు తప్పెవరిదో తేలుస్తారు. ఒకరు తలదించుకుంటారు, ఇంకొకరు గెలిచామనుకుంటారు. గొడవ జరిగే తీరు మాత్రం అలాగే ఉంటుంది, అందుకే నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. పరిశోధకులు తప్పెవరిదన్న విచారణ పక్కనపెట్టి, గొడవ ఎలా నడుస్తుందో చూశారు. జాన్ గాట్‌మన్, రాబర్ట్ లెవెన్సన్ అనే సైకాలజిస్టులు జంటలను ల్యాబ్‌లో కూర్చోబెట్టి, తమ మధ్య నలుగుతున్న విషయమే మాట్లాడుకోమని, వీడియో తీస్తూ గుండె వేగం కొలిచారు. వాళ్లకు కనిపించిన ఒక విషయం అచ్చం మీ బాల్కనీ కథే. మాట్లాడకుండా ముఖం తిప్పుకుని కూర్చున్న మనిషి బయటికి రాయిలా కనిపిస్తాడు. లోపల గుండె మాత్రం నిమిషానికి వంద దాటి కొట్టుకుంటుండవచ్చు. ఆ స్థితిలో ఎదుటివాళ్ల మాట చెవికెక్కదు, సరైన జవాబూ తోచదు. మీకేమో అది నిర్లక్ష్యంలా కనిపిస్తుంది, ఇంకా గట్టిగా అడుగుతారు. మీరు గట్టిగా అడిగేకొద్దీ ఆయన ఇంకా దూరం జరుగుతారు. ఇందులో మొదలెవరు, చివరెవరు?

ఒకసారి ఈ సైకాలజిస్టులు ల్యాబ్‌లో జంటల గొడవను మధ్యలో ఆపి, ‘పరికరాలు సరిచేయాలి, మీ విషయం వదిలేసి అరగంట పత్రికలు చదువుకోండి’ అన్నారు. తర్వాత మళ్లీ మొదలుపెడితే గుండె వేగం తగ్గింది, మాటా మెత్తబడింది. కాబట్టి మీవారు లేచి వెళ్లడం మంచిదే. వెళ్లే ముందు తిరిగి వచ్చే టైమ్ చెప్పకపోవడమే సమస్య. ‘ఇప్పుడు నా వల్ల కాదు, తొమ్మిదిన్నరకు మాట్లాడదాం’ అని చెప్పి వెళ్లాలి, తొమ్మిదిన్నరకు తనంతట తనే రావాలి. ఈలోగా మీరు బాల్కనీ తలుపు తట్టకూడదు. కనీసం ఇరవై నిమిషాలైనా విరామం కావాలి. ఆ టైమ్‌లో ‘ఆమె అలా అంది కాబట్టి నేనిలా అంటాను’ అని లోలోపల వాదన పెట్టుకుంటే మాత్రం విరామం తీసుకున్నా లాభం లేదు.

గాట్‌మన్ గురించి యూట్యూబ్‌లో ‘విడాకులను 90 శాతం కచ్చితంగా ముందే చెప్పేస్తారు’ అన్న మాట విని ఉంటారు. దాన్ని పట్టుకుని టెన్షన్ పడకండి. ఎవరు విడిపోయారో తెలిశాక ఆ డేటాకు లెక్క సరిపోయేలా చేయడం వేరు, కొత్త జంటను చూసి ముందుగా చెప్పడం వేరు. తోటి పరిశోధకులే 2001లో ఈ అభ్యంతరం చెప్పారు.

మీవారు కౌన్సెలర్ దగ్గరికి రానన్నా ఇంట్లోనే చేయదగ్గది ఒకటుంది. షికాగో ప్రాంతంలో 120 జంటలపై చేసిన అధ్యయనం, 2013లో అచ్చయింది. కొన్ని జంటలకు ఏడాదిలో మూడుసార్లు, ఒక్కోసారి ఏడు నిమిషాలు రాసే పని ఇచ్చారు. ఈ మధ్య జరిగిన గొడవను, ఇద్దరి మేలూ కోరే మూడో మనిషి చూస్తే ఎలా చెబుతాడో అలా రాయాలి. రాయని జంటల్లో అన్యోన్యత తగ్గుతూ పోయింది, రాసినవాళ్లలో ఆ తగ్గుదల ఆగింది. ఖర్చు ఒక నోట్‌బుక్కే. మీ ఇద్దరూ విడివిడిగా రాయండి. ఒకరిది ఒకరు దిద్దొద్దు!

అత్తగారి విషయానికొస్తే, ఈ పరిశోధనలు మనకు అంతగా సరిపోవు. వీటిలో ఎక్కువ భాగం భార్యాభర్తలిద్దరే ఉండే పాశ్చాత్య ఇళ్ల మీద చేసినవి. మన ఇంట్లో గొడవ ఇద్దరి మధ్యే మొదలైనా ఫోన్లో మూడో గొంతు, నాలుగో గొంతు చేరతాయి. ఊళ్లోని తల్లిదండ్రులకు నెలనెలా ఎంత పంపాలన్నది ఇక్కడ డబ్బు లెక్క మాత్రమే కాదు, కొడుకు పరువు కూడా. అందుకే నా సలహా, ఆ విషయం మీరు అత్తగారితో తేల్చుకోవద్దు. ముందు మీరిద్దరూ ఒక మాట మీదకు రండి. తర్వాత ఆయన తల్లికి ఆయనే చెప్పాలి.

పాపకు ఏమీ తెలియదనుకోకండి. అరుపుల్లేకపోయినా, మీ మౌనం ఆ వయసు పిల్లలకు తెలుస్తుంది. మంచి విషయమేంటంటే, గొడవ సర్దుకోవడం కళ్లారా చూసిన పిల్లలు త్వరగా తేరుకుంటారని ప్రయోగాల్లో తేలింది. తలుపులు మూసుకుని రాజీపడినా సరే, ‘అమ్మానాన్నా మాట్లాడుకున్నాం, ఇప్పుడు బాగానే ఉన్నాం’ అని పాపకు చెప్పండి.

మీ తలనొప్పి, నిద్రలేమి ఈ టెన్షన్ వల్ల కావచ్చు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో 42 జంటల చేతులపై చిన్న బొబ్బలు చేసి, మానడానికి ఎంతకాలం పడుతుందో చూశారు. ఎక్కువ కటువుగా మాట్లాడుకునే జంటల్లో గాయాలు మానే వేగం మిగతావారితో పోలిస్తే 60 శాతమే ఉంది. అలాగని అన్నీ గొడవల మీదే తోసేయకూడదు. బీపీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ ఒకసారి చూపించుకోండి. నొప్పి మాత్రలు నెలలో పది పదిహేను రోజులు వాడుతుంటే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెట్టవచ్చు. ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, ఏడుపు రావడం, బతకాలనిపించకపోవడం లాంటివి ఉంటే ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

మీ ఇంట్లో దెబ్బలు లేవన్నారు. ఇది చదివే ఇంకెవరైనా భర్తంటే భయపడుతూ బతుకుతుంటే, వాళ్లకు జంటగా కూర్చునే కౌన్సెలింగ్ సరికాదు. అక్కడ చెప్పిన మాటకు ఇంటికెళ్లాక దెబ్బలు తినాల్సి రావచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి.

కౌన్సెలర్‌ను వెతికేటప్పుడు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్ట్ అయితే మంచిది. జంటలతో పనిచేయడంలో శిక్షణ ఉందా, ఏ పద్ధతి వాడతారు అని మొదటి ఫోన్‌లోనే అడగండి. తొలిరోజే ఒకరి పక్షం చేరిపోయినా, ‘ఆడవాళ్లే సర్దుకోవాలి’ అన్నా అక్కడ ఆగొద్దు. అమెరికాలో అడిగి చూస్తే, తీవ్రమైన సమస్య మొదలయ్యాక జంటలు సగటున రెండున్నరేళ్లకు పైగా ఆగి గానీ థెరపీకి వెళ్లడం లేదట. మీది రెండేళ్లు, ఆలస్యమేమీ కాలేదు. మీవారు రాకపోతే మొదటి రెండు మూడు సిట్టింగులకు మీరొక్కరే వెళ్లండి. ఆయనను ‘నువ్వు మారాలి, రా’ అని కాకుండా, ‘నాకు నిద్ర పట్టడం లేదు, ఒక్కసారి తోడు రా’ అని పిలవండి.